లిలువాలో ఎవరు అడిగారు, ఎవరు విన్నారు

హౌరాలో మెయిన్ లైన్ లోకల్ ఎక్కితే మొదట తగిలే స్టేషన్ లిలువా. ఈ ఊరికి రెండు గుర్తులు. ఒకటి, ఈస్ట్ ఇండియన్ రైల్వే 1900లో నెలకొల్పిన క్యారేజ్, వ్యాగన్ వర్క్‌షాప్. రెండోది, దిక్కులేని స్త్రీలకూ బాలికలకూ ప్రభుత్వం నడిపే ఆశ్రయం. కలకత్తా పత్రికలు దాన్ని ‘లిలువా హోమ్’ అనే రాస్తాయి. సామాజిక సేవకు మాట్లాడే నేర్పు ఎంత అవసరమో, అది మన దేశంలో ఎన్ని తిప్పలు పడి వచ్చిందో ఈ రెండు గేట్ల దగ్గర నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది.

నూరేళ్ల కిందట హుగ్లీ నది ఒడ్డున మిల్లుల్లో పనిచేసేవాళ్లలో బెంగాలీల కంటే బయటివాళ్లే ఎక్కువ. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి పెళ్లాం పిల్లలతో సహా వచ్చిన మనవాళ్లూ ఉన్నారు. దొరకు కూలీ భాష రాదు, కూలీకి దొర భాష రాదు. మధ్యలో సర్దార్. పని ఇప్పించేది అతనే, మామూళ్లు గుంజేది అతనే, గోడు పైకి చేరవేయాల్సిందీ అతనే. ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషే దుబాసీ అయితే ఇక ఆ ఫిర్యాదు గడప దాటుతుందా? 1923లో డాక్టర్ డాగ్మార్ కర్జెల్ బెంగాల్ పరిశ్రమల్లోని ఆడకూలీల స్థితిగతులను విచారించి నివేదిక రాసింది. ఒక స్త్రీ వెళ్లి స్త్రీలను అడగడం అప్పటికి పెద్ద విశేషమే.

1927లో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు ముందు నిలిచినవాళ్లలో వి.వి.గిరి ఒకరు. ఆయన అప్పటికే అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించినవాడు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు బాగా వినిపించేది. మరుసటి ఏడు లిలువా వంతు. ‘జటాధారీ బాబా’గా పేరుపడ్డ కిరణ్ చంద్ర మిత్ర నాయకత్వంలో వర్క్‌షాప్ కార్మికులు నెలల తరబడి పోరాడారు. మార్చిలో బామన్‌గాఛీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. యూనియన్‌వాళ్లను సమాజసేవకుల జాబితాలో ఎవరూ వెయ్యరు. నేను వేస్తాను. సర్దార్‌ను పక్కకు నెట్టి, కార్మికుడి బస్తీలో అతని భాషలోనే కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టినవాళ్లలో వాళ్లు ముందువరసలో ఉన్నారు. అయితే వాళ్లకు వినడం కన్నా ప్రసంగించడమే బాగా వచ్చు. అది వేరే సంగతి.

ఇదే బెంగాల్‌లో 1922లో ఠాగూర్ గ్రామ పునర్నిర్మాణ కేంద్రం శ్రీనికేతన్ పని మొదలైంది. దాన్ని నడపడానికి వచ్చిన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ ఇంగ్లీషువాడు. ఊళ్ల గుట్టుమట్లు తెలిసిన కాళీమోహన్ ఘోష్ లాంటివాళ్లు వెంట లేకపోతే ఆయన వ్యవసాయశాస్త్రం శ్రీనికేతన్ ఉన్న సురుల్ ఊరి పొలిమేర దాటేది కాదు.

చదువుల సంగతికి వస్తే, 1936లో బొంబాయిలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సారథ్యంలో టాటాల సోషల్ వర్క్ స్కూలు తెరిచారు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదువందలమంది, అంతకు పైన పనిచేసే కర్మాగారంలో సంక్షేమాధికారి ఉండాలంది. ఎక్కువమంది కార్మికుల భాష అతనికి వచ్చి ఉండాలని చాలా రాష్ట్రాలు నియమాల్లో రాసుకున్నాయి. 1953లో కలకత్తాలో సోషల్ వెల్ఫేర్ అండ్ బిజినెస్ మేనేజ్‌మెంట్ సంస్థ వచ్చింది. అదే ఏడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. పుస్తకాలు మాత్రం అమెరికావి. మేరీ రిచ్‌మండ్ 1917లో రాసిన ‘సోషల్ డయాగ్నోసిస్’, ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాలు. తీర్పు చెప్పకు, గుట్టు బయటపెట్టకు, ఎదుటివాళ్ల నిర్ణయాన్ని మన్నించు. సూత్రాల్లో వంక పెట్టడానికేమీ లేదు. కాని ఆ పుస్తకాలకు ఒక గది కావాలి, రెండు కుర్చీలు కావాలి, మూసుకునే తలుపు కావాలి. మన హోముల్లో మాట్లాడే పిల్ల చుట్టూ పదిమంది చెవులు రిక్కించి ఉంటారు.

1956లో వ్యభిచార నిరోధక చట్టం వచ్చింది. రక్షించి తెచ్చిన స్త్రీని మహిళా పోలీసే ప్రశ్నించాలని, ఆమె అందుబాటులో లేకపోతే గుర్తింపు ఉన్న సంక్షేమ సంస్థ సభ్యురాలి సమక్షంలోనే అడగాలని చెప్పడానికి 1986 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ముప్పై ఏళ్లు.

ఇలాంటి హోముకు చేరిన పద్నాలుగేళ్ల పిల్లను ఊహించుకోండి. రిజిస్టర్ తెరిచి “పూర్తి చిరునామా చెప్పు” అంటే నోరు పెగలదు. భయం ఒక కారణం. చిరునామా అనేదే తెలియకపోవడం ఇంకో కారణం. అనుభవం ఉన్న కార్యకర్త రిజిస్టర్ మూసేస్తుంది. “మీ అమ్మ నీళ్లు ఎక్కణ్ణించి తెస్తుంది? బడికి పడవలో వెళ్లేదానివా, నడిచా? సంత ఏ వారం?” పడవ అంటే సుందరబన్ వైపు కావచ్చు. యాసను బట్టి బంగ్లాదేశ్ సరిహద్దుకు ఇటో అటో కొంత తేలుతుంది. ‘ఎందుకు వెళ్లావు’ అన్న ప్రశ్న మాత్రం ఆమె వెయ్యదు. అందులోనే నింద ఉంది. ఈ నేర్పు చాలాసార్లు డిగ్రీ ఉన్నవాళ్ల కన్నా, పిల్లలు ‘మాసీ’ అని పిలిచే ఆయాల దగ్గరే ఎక్కువ. రాత్రి జడ వేస్తున్నప్పుడు బయటపడే కబురు పగలు ఆఫీసులో బయటపడదు.

మాటే రానివాళ్లకు? సోహినీ చక్రవర్తి 2004లో స్థాపించిన ‘కోల్‌కతా సంవేద్’ నాట్యాన్ని చికిత్సగా మలిచింది. తర్వాత బొంబాయి టాటా సంస్థతో కలిసి డిప్లొమా కోర్సూ నడిపింది. చెప్పలేనిదాన్ని ఒంటితో చెప్పనివ్వడం కూడా చదువులోకి వచ్చిందన్నమాట. మాట వచ్చినవాళ్లకు చోటివ్వడమూ ఒక నేర్పే. మన వైపు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత వాచకంలోని సారా పాఠాన్ని తమ ఇంటి కథగా చదువుకుని సారా మీద తిరగబడ్డారు. అక్కడ కార్యకర్త చేసిన గొప్ప పని, పాఠం అయ్యాక నోరు మూసుకుని వాళ్లను మాట్లాడనివ్వడమే.

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం వాళ్ల వాంగ్మూలానికి అవసరమైతే దుబాసీని పెట్టమంటోంది. సర్దార్ల కాలంతో పోలిస్తే ఇది పెద్ద అడుగే. అయితే హైదరాబాదులో దొరికిన బెంగాలీ పిల్లను ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరాకు తెచ్చేటప్పుడు, తెలుగులో రాసిన కేసు కాగితాలను ఆ పిల్లకు చదివి వినిపించే మనిషి కావాలి. ఖరగ్‌పూర్ ఎంతో దూరం లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ మాట్లాడుతూ పెరిగిన అమ్మాయిలు అక్కడ ఎందరో ఉన్నారు. సోషల్ వర్క్ కాలేజీలు ముందు వాళ్లకు సీట్లివ్వాలి.