శ్వాస యంత్రం: ఆసుపత్రి నుంచి ఇంటికి

పరిచయం

వైద్య చరిత్ర అనగానే కొత్త మందులు, కొత్త యంత్రాలు, వాటిని కనుగొన్నవారి పేర్లు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మీరు వెంటిలేటర్ చరిత్రను ఇంకొక వైపు నుంచి చదువుతారు. తనంతట తాను ఊపిరి తీసుకోలేని రోగి బతకాలంటే యంత్రం ఒక్కటే చాలదు. రాత్రింబవళ్ళు పక్కన ఉండేది ఎవరు? ఖర్చు భరించేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే ఆ యంత్రం ఆసుపత్రి గడప దాటి ఇంటికి రాగలిగింది. 1952 నాటి కోపెన్‌హేగన్, 1960వ దశకపు ఇంగ్లండ్, 1981 నాటి అమెరికా నుంచి మూడు సందర్భాలను తీసుకుని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

1. ఐరన్ లంగ్ కాలం

పోలియో వైరస్ వెన్నుపాములోని నాడీకణాలను దెబ్బతీస్తుంది. పోలియో వల్ల కాలు చచ్చుబడినవారిని మీరు చూసే ఉంటారు. కొందరిలో ఛాతీ కండరాలు, ఉదరవితానం కూడా పనిచేయడం మానేస్తాయి. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా వాటిని ఆడించే కండరాలు పడిపోవడం వల్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఇటువంటి రోగుల కోసం 1928లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ డ్రింకర్, లూయీ షా ఐరన్ లంగ్‌ను రూపొందించారు. తల మాత్రం బయట ఉండేలా రోగిని పెద్ద లోహపు పీపాలో పడుకోబెట్టేవారు. మోటారు సాయంతో పీపాలో గాలి పీడనం తగ్గించినప్పుడు ఛాతీ పైకి లేచి, ముక్కు, నోటి ద్వారా గాలి లోపలికి వచ్చేది. పీడనం మళ్ళీ పెరిగినప్పుడు ఆ గాలి బయటికి పోయేది. దీనిని రుణ పీడన పద్ధతి అంటారు. ఇది ఎందరినో కాపాడింది. అయితే గొంతు కండరాలు కూడా పడిపోయిన రోగులు మింగలేకపోయేవారు. లాలాజలం ఊపిరితిత్తుల్లోకి దిగిపోయేది. అటువంటివారికి ఈ పీపా పెద్దగా ఉపయోగపడలేదు.

2. కోపెన్‌హేగన్, 1952: విద్యార్థుల చేతులు

1952 వేసవిలో డెన్మార్క్ రాజధానిలో పోలియో తీవ్రంగా వ్యాపించింది. రోగులను చేర్చుకున్న బ్లెగ్డమ్ ఆసుపత్రిలో అప్పటికి ఒకే ఒక ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే చిన్న పరికరాలు ఆరు మాత్రమే ఉన్నాయి. శ్వాస కండరాలు, గొంతు దెబ్బతిన్న మొదటి 31 మందిలో 27 మంది మరణించారు.

ఆసుపత్రి ముఖ్య వైద్యుడు లాసెన్ మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ను సంప్రదించారు. రోగుల రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుపోతోందనీ, వారికి ఊపిరి అందడం లేదనీ ఇబ్సెన్ గుర్తించారు. శస్త్రచికిత్స సమయంలో కండరాలు సడలిన రోగికి మత్తు వైద్యుడు రబ్బరు సంచిని నొక్కుతూ ఊపిరి అందించడం అప్పటికే వాడుకలో ఉంది. అదే పద్ధతిని పోలియో రోగికి వాడవచ్చునని ఆయన భావించారు. ఆగస్టు 27న, మరణానికి చేరువలో ఉన్న 12 ఏళ్ళ బాలికకు గొంతు వద్ద రంధ్రం చేసి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపించారు. ఆ బాలిక బతికింది. గాలిని ఇలా లోపలికి నెట్టడాన్ని ధన పీడన పద్ధతి అంటారు.

కానీ సంచిని నొక్కేది ఎవరు? ఒక్క రోగికి ఇరవైనాలుగు గంటలూ, వారాల తరబడి నొక్కాలి. ఆ పనికి సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా వచ్చారు. ఒక దశలో ఒకేసారి 70 మంది రోగులకు ఇలా చేతులతోనే ఊపిరి పోశారు. మొదట నూటికి 80కి పైగా ఉన్న మరణాలు సుమారు సగానికి తగ్గాయి. మరుసటి సంవత్సరమే ఇబ్సెన్ అదే నగరంలోని మరొక ఆసుపత్రిలో, ప్రాణాపాయంలో ఉన్నవారందరినీ ఒకచోట చేర్చి నిరంతరం కనిపెట్టుకుని ఉండే విభాగాన్ని ప్రారంభించారు. నేటి ఐ.సి.యు.కు అదే నాంది. ఆ తర్వాత విద్యార్థుల చేతులు చేసిన పనిని యంత్రాలు అందుకున్నాయి.

3. ఇంగ్లండ్, 1960వ దశకం: ఇంటికి తెచ్చిన కుటుంబం

ఇక్కడొక కొత్త సమస్య తలెత్తింది. యంత్రం వల్ల రోగి బతికాడు. ఇక జీవితాంతం ఆసుపత్రి మంచం మీదే ఉండాలా?

రాబిన్ కావెండిష్ అనే ఆంగ్లేయుడికి 1958లో కెన్యాలో పోలియో సోకింది. అప్పుడు ఆయన వయస్సు 28. మెడ నుంచి కింది భాగమంతా చచ్చుబడింది. మూడు నెలలకు మించి బతకడని వైద్యులు చెప్పారు. భార్య డయానా అప్పటికి గర్భవతి. ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో ఉండగా ఆయన చనిపోవాలని కోరుకున్నాడు. వైద్యులు వద్దన్నా వినకుండా డయానా భర్తను, శ్వాస యంత్రాన్ని ఇంటికి తీసుకువచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్తగా పనిచేస్తున్న వారి మిత్రుడు టెడ్డీ హాల్ 1962లో శ్వాస యంత్రాన్ని అమర్చిన చక్రాల కుర్చీని తయారుచేశాడు. దానితో కావెండిష్ మంచం దిగి, ఇల్లు దాటి, విదేశాలకు కూడా వెళ్ళాడు. ఆ తర్వాత ఇతర రోగుల కోసం కూడా ఇటువంటి కుర్చీలు తయారయ్యాయి. కావెండిష్ 1994 వరకు, అంటే వైద్యులు గడువు పెట్టిన తర్వాత 35 ఏళ్ళకు పైగా జీవించాడు.

ఈ ఉదాహరణను జాగ్రత్తగా చదవండి. ఆయనకు అంకితభావం గల భార్య, నైపుణ్యం గల మిత్రుడు ఉన్నారు. అందరికీ అటువంటివారు ఉండరు. కాబట్టి ఇది ఒక కుటుంబం సాధించిన విజయమే తప్ప, అందరికీ అందిన ఏర్పాటు కాదు.

4. అమెరికా, 1981: మారిన నిబంధన

అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన కేటీ బెకెట్ పసితనంలోనే మెదడువాపుకు గురై, వెంటిలేటర్ మీద ఆధారపడింది. మూడేళ్ళ వయస్సు వచ్చేసరికి ఇంటికి పంపవచ్చునని వైద్యులు భావించారు. తల్లిదండ్రులూ సిద్ధంగా ఉన్నారు. అడ్డు వచ్చింది మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకపు నిబంధన. పాప ఆసుపత్రిలో ఉంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. ఇంటికి వెళితే తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారు కనుక సాయం ఆగిపోతుంది.

1981 నవంబరులో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ విలేకరుల సమావేశంలో ఈ సంగతి ప్రస్తావించాడు. ఇంట్లో చూసుకుంటే ఆసుపత్రి ఖర్చులో ఆరో వంతే అవుతుందని చెప్పాడు. కేటీ కోసం నిబంధన సడలించారు. ఆమె ఇంటికి చేరింది. 1982లో చట్టాన్ని సవరించి, ఇటువంటి ఇతర పిల్లలకూ ఇంటివద్ద సాయం పొందే వీలు కల్పించారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పాప విషయంలో యంత్రం మారలేదు, రోగమూ మారలేదు. మారింది నిబంధన ఒక్కటే.

5. మన ఇళ్ళకు ఈ చరిత్ర చెప్పేది

2021లో కోవిడ్ రెండో దశలో మన దేశంలో ఎన్నో ఇళ్ళకు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు వచ్చాయి. అది వెంటిలేటర్ కాదు. గాలిలోని నత్రజనిని వడగట్టి ఆక్సిజన్‌ను ఎక్కువ మోతాదులో అందిస్తుంది. ఊపిరి మాత్రం రోగే తీసుకోవాలి. వెంటిలేటర్ ఆ పనిని రోగికి బదులుగా తానే చేస్తుంది. అందుకే దానిని ఇంటికి తెచ్చేముందు అడగవలసిన ప్రశ్నలు ఎక్కువ. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు ఆదుకుంటుంది? గొట్టంలో చేరిన కఫాన్ని తీయడం ఇంట్లో ఎంతమందికి వచ్చు? యంత్రం ఆగితే చేత్తో నొక్కే ఆంబు బ్యాగ్ మంచం పక్కనే ఉందా? రాత్రి మేల్కొని ఉన్నవారు పగలు ఎప్పుడు నిద్రపోతారు?

ఇటువంటి సేవ మన ఇళ్ళలో ఎక్కువగా తల్లి, భార్య లేదా కోడలి మీద పడుతుంది. కోపెన్‌హేగన్ విద్యార్థులు వంతు ముగియగానే సంచిని మరొకరికి అందించి విశ్రాంతి తీసుకోగలిగారు. ఇంట్లో వంతు మార్చుకునే మనిషి లేకపోతే, యంత్రం ఎంత మంచిదైనా సంరక్షణ ఎక్కువకాలం నిలవదు. ఆ రెండో మనిషిని ఏర్పాటు చేయడం కుటుంబం పనా, సమాజం పనా, ప్రభుత్వం పనా అన్న ప్రశ్న మనముందు ఇంకా అలాగే ఉంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రుణ పీడన, ధన పీడన పద్ధతుల మధ్య తేడా ఏమిటి?
2. కావెండిష్, కేటీ బెకెట్ ఇంటికి చేరడానికి తోడ్పడిన కారణాలను పోల్చండి.
3. మీకు తెలిసిన ఒక ఇంట్లో మంచాన పడిన రోగిని ఎవరు, ఏయే వేళల్లో చూసుకుంటున్నారో అడిగి తెలుసుకుని, ఒక పేజీకి మించకుండా రాయండి.