లెక్కలో రాని ఆఫర్ లెటర్లు

మఠంపల్లిలో ఒకప్పుడు ఉద్యోగమంటే సిమెంటు ఫ్యాక్టరీ గేటు. ఊరి చుట్టూ సున్నపురాయి, కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి, ఫ్యాక్టరీలో దొరకనివాళ్లకు సాగర్ ఎడమ కాల్వ కింద వరి. తర్వాత కోదాడ, సూర్యాపేటల్లో ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి. పొద్దున్నే కాలేజీ బస్సుల కోసం పిల్లలు రోడ్డు మీద నిలబడ్డారు. ‘క్యాంపస్‌ల సెలెక్ట్ అయిండు’ అనే మాట పెళ్లి సంబంధాల దాకా వెళ్లింది. ఆ మాట వెంట వినిపించే పేర్లలో, మనదని గర్వంగా చెప్పుకున్న పేరు సత్యం.

1987లో బైర్రాజు రామలింగరాజు కొద్దిమందితో మొదలుపెట్టిన సంస్థ అది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. 2008 నాటికి 66 దేశాల్లో వ్యాపారం, 53,000 మంది ఉద్యోగులని చెప్పుకుంది. సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ అమ్మేది మనుషుల పనిగంటలనే. అందుకే ఎంతమంది ఉన్నారన్నదే దాని పరువు. రిక్రూటర్లు కాలేజీ కాలేజీకీ తిరిగారు. రాత పరీక్ష, టెక్నికల్ రౌండు, హెచ్ఆర్ రౌండు, సాయంత్రానికి జాబితా. అనుభవం ఉన్నవాళ్లను పట్టుకొచ్చే పని కన్సల్టెన్సీలది, చేరిన మనిషికి ఇంత అని కమిషన్. ఆ రోజుల్లో ప్రతిభను వెతికారు, నిజమే. దాంతోపాటు తలలూ లెక్కపెట్టారు.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి, ఉద్యోగాల మార్కెటు బిగుసుకుంది. డిసెంబరు 16న సత్యం తన డబ్బుతో రాజు కుటుంబానివే అయిన రెండు మేటాస్ కంపెనీలను కొంటామంది. మదుపరులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు లేఖ వచ్చింది. పుస్తకాల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు లేవు. రాని వడ్డీ 376 కోట్లు, చూపని అప్పు 1,230 కోట్లు, పెంచి రాసిన బాకీలు 490 కోట్లు. మొత్తం 7,136 కోట్లు. పులి మీద ఎక్కాక దిగే దారి తెలియలేదని రాజు అందులో రాసుకున్నారు. ఆ ఒక్కరోజే 179 రూపాయల దగ్గరున్న షేరు నలభైకి పడిపోయింది.

ఆ లేఖను ఇప్పుడు చదివినా నన్ను కలచివేసేది వేరే లెక్క. దొంగ ఆస్తులను కోట్లలో విడదీసి చెప్పిన ఆ కాగితంలో, ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని చేరే తేదీ కోసం ఎదురుచూస్తున్న పిల్లల బాకీ ఎక్కడా లేదు. అది మాత్రం నిజమైన అప్పు. ఆ ఆఫర్ లెటర్‌ను నమ్మి వేరే కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లనివాళ్లు ఉన్నారు. చాలా కాలేజీల్లో ఒకచోట సెలెక్ట్ అయితే రెండోచోట కూర్చోనివ్వరు కూడా. ఇంటి దగ్గర నాన్న రోజూ అడిగేవాడు, ‘బిడ్డా, ఫోన్ వచ్చిందా?’ అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకే హైదరాబాద్‌లోని అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో ఉండిపోయినవాళ్లున్నారు.

లోపల ఉన్నవాళ్ల గతీ అంతే. అంతకుముందు సత్యం ఉద్యోగికి జీతం పెంచి ఇస్తామని వెంటపడిన మార్కెటు, ఇప్పుడు వేల రెజ్యూమెలు ఒక్కసారే వచ్చిపడితే ముఖం తిప్పుకుంది. కేంద్రం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్ వంటివారిని కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. కంపెనీ బతికింది, దాన్ని చిన్నమాటగా తీసెయ్యను. కానీ ఆ ఏడాదే ‘వర్చువల్ పూల్’ అని పేరుపెట్టి వేలమందిని మూల వేతనం మీద ఇంటికి పంపారు. మనుషులను తీసుకునే విభాగమే మనుషులను సాగనంపే విభాగమైంది.

2013లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకూ మరో తొమ్మిదిమందికీ ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. ఆ తీర్పులో ఆఫర్ లెటర్ల ప్రస్తావనకు చోటెక్కడిది!

మఠంపల్లి, హుజూర్‌నగర్, కోదాడల నుంచి వెళ్లిన మన పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో రిక్రూటర్లుగానూ ఉన్నారు. వారికో మనవి: మీ చేతిమీదుగా ఆఫర్ లెటర్ వెళ్లేముందు చేరే తేదీ నిజంగా ఉందో లేదో కంపెనీని అడగండి. తేదీ మారితే ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి.