పట్టా యెవరిది, పొలము ఎవరిది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో దేశ్‌ముఖు అను మాట వినని పెద్దలు లేరు. అయితే దేశ్‌ముఖు మొదట భూస్వామి కాడు. శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టుటయే అతని పని. అతనికి దొరికినది వసూలు హక్కేగాని పొలము కాదు.

మరి అంత భూమి ఎట్లు చేరెను? 1853లో నిజాము దివానైన మొదటి సాలార్‌జంగు వసూళ్ల గుత్తలను మాన్పించి, 1865లో జిల్లాలను ఏర్పరచి, జీతపు ఉద్యోగులను నియమించెను. పని పోయిన దేశ్‌ముఖులకు పరిహారముగా రుసుము దొరికెను. కాని ఊరి లెక్కలు వారి యెరుకలోనే యుండెను. భూములు కొలిచి వ్రాసినప్పుడు మంచి పొలములు వారి పేర్లకెక్కెను. తరతరములుగా దున్నినవాడు ఆ కాగితము చదువలేక కౌలుదారుడాయెను. పుచ్చలపల్లి సుందరయ్యగారి లెక్క ప్రకారము సూర్యాపేట దేశ్‌ముఖుకు 20,000 ఎకరములుండెను. అట్టి పొలములలో మన తాతలనేకులు కూలి లేని వెట్టి చేసిరి.

సూర్యాపేట నుండి జనగామ పోవు బాటలో కామారెడ్డిగూడెము కలదు. అచ్చటి పేద రైతు షేక్ బందగీ, విసునూరు దేశ్‌ముఖు అండగల వారితో తన కొద్దిపాటి భూమికై కోర్టులో పోరాడి గెలిచెను. తీర్పు చేతికి వచ్చెను గాని ప్రాణము దక్కలేదు. 1940 ప్రాంతమున అతనిని చంపిరి. నాబోతు ద్రాక్షతోట కథ ఎరిగిన మనకు ఇది క్రొత్త కథ కాదు. 1947 నాటి 'మాభూమి' నాటకమునకు బందగీ కథయే ఆధారము.

1949లో జాగీర్లు రద్దాయెను. 1950లో కౌలుదార్లకు చట్టము వచ్చెను. 1967లో సాగరు నీరు విడువగా, ఎడమ కాలువ క్రింద బీళ్లు మాగాణులాయెను, ఎకరము వెల పెరిగెను.

వెలతో పాటు ఆశయు పెరిగినది. చదువురాని తమ్మునిచేత అన్న వ్రేలిముద్ర వేయించుకొనునప్పుడు, విధవరాలైన వదిన భాగము లెక్కలో జారిపోవునప్పుడు, రాత్రివేళ గట్టు ఒక మూర జరుగునప్పుడు, ఆ పాత దేశ్‌ముఖు మన యింటనే మరల పుట్టుచున్నాడు. ఈ నెల మీ పాసుపుస్తకము ఒకసారి తీసి చూడుడి. అందు వ్రాయబడిన ప్రతి గుంటయు న్యాయముగా మీదేనా? కానిది ఒక్కటియున్న యెడల, దానిని తిరిగి యిచ్చుటకు కోర్టు తీర్పు వరకు ఆగనక్కరలేదు.