మూడుగీరల బండి మొదలు తాలింఖానా వఱకు

నేను ముప్పది రెండేండ్లు తెలుగు పండితుడనై బడులలో పనిచేసి విరమించినవాడను. సంధులు, సమాసములు చెప్పిన నోట వ్యాయామ ప్రసంగ మేల యని మీకు దోపవచ్చును. ఈ విషయమున నేను పిల్లలకు బాకీ పడియున్నాను. ఆ మాట కడపట జెప్పెదను. ముందు చరిత్ర వినుడు.

మా పల్లె జగిత్యాలకు సమీపమున నున్నది. నా బాల్యమున మా యూరి వడ్రంగిని వడ్లతాత యని పిలిచెడివారము. ఏ యింటనైనను పసిబిడ్డ గోడ పట్టుకొని నిలుచుచున్నదని వినినచో, వా రడుగక పూర్వమే మూడుగీరల బండి నొకదానిని చేసికొని వచ్చెడివాడు. ముందొక గీర, వెనుక రెండు గీరలు; వానిపై రెండు నిలువుకఱ్ఱలు, అడ్డముగా నొక పిడి. బిడ్డ పిడి పట్టి నెట్టును, బండి కదలును, దాని వెంట బిడ్డయు నడుగు వేయును. ఆ పనికి పంటకాలమున నాలుగు కుంచముల వడ్లు కొలిచెడివారు. వడ్లతాతకు అక్షరము రాదు.

ఉద్యోగమున జేరిన పిదప నేను కాశ్యపసంహిత చదివితిని. శిశువైద్యమునకు సంబంధించిన యా ప్రాచీన గ్రంథమును నేపాళ రాజగురువు హేమరాజశర్మగారు తాటాకు ప్రతినుండి వెలికి దెచ్చిరి. 1938లో అది యచ్చుపడెను. అందు ఫక్కచికిత్స యను నధ్యాయము కలదు. ఏడాది నిండినను నడువని బిడ్డకు ఫక్క మను రోగము కలదని చెప్పి, తల్లిపాల దోషమువలన గలుగునది, తల్లి మరల గర్భవతి యగుటచే పాలు తగ్గి కలుగునది, వ్యాధిచే గలుగునది యని కాశ్యపుడు మూడు తెఱగులు చూపెను. ఔషధములు చెప్పిన పిదప, శిల్పిచేత మూడుచక్రముల బండి చేయించి, బిడ్డచేత మెల్లమెల్లగా నడక నభ్యసింపజేయుమనెను. అది చదివినపుడు నా కన్నులయెదుట వడ్లతాత బండి నిలిచెను. ఆ గ్రంథ మెఱుగనివాడు ఆ పని యెట్లు నేర్చెను? తండ్రి చేతిలో జూచి నేర్చెను. ఆతండు తన తండ్రి చేతిలో జూచెను.

కాశ్యపుని యేడాది గడువు కొంత కఠినమని నా యభిప్రాయము. ప్రపంచారోగ్యసంస్థ భారతము, ఘానా, నార్వే, ఒమాను, అమెరికా దేశముల ఆరోగ్యవంతులైన బిడ్డలను పరీక్షించి, ఎనిమిదవ నెల దాటిన నాటినుండి పదునెనిమిదవ నెల నిండులోపల బిడ్డ లొంటరిగా నడుతురని 2006లో ప్రకటించినది. కావున ఏడాది నిండగానే తల్లులు బెంగటిల్లవలదు. పదునెనిమిదవ నెల దాటినను నడువనిచో వైద్యునకు జూపుట మానవలదు. మఱియొక మాట. ఇప్పుడంగళ్ళలో నమ్ముచున్న కూర్చుండబెట్టు వాకరును వడ్లతాత బండియు నొకటి కావు. వాకరులో బిడ్డ వ్రేలాడుచు కాళ్ళతో నేలను దన్నును. తన బరువు తాను మోయదు, మెట్లవైపు దొరలి గాయపడును. కెనడా దేశము 2004లో వాని యమ్మకమునే నిషేధించెను. పిడి బండిలో బిడ్డ తన బరువును తానే మోయును. భేద మంతయు నక్కడనే యున్నది.

నడక వచ్చిన పిదప పల్లెలో పిల్లలకు దేహశిక్ష చెప్పువాడెవడు? ఎవడును లేడు, ఆటలే చెప్పెడివి. మీరందఱును ఆడినవే. ఒంటికాలిపై కుంటుచు తొక్కుడుబిళ్ళ ఆడిన బాలిక, దేహమును సమతూకమున నిలుపుట నేర్చును. అది యైదాఱేండ్ల ముచ్చట. ఒప్పులకుప్ప తిరిగి, కన్నులు దిరుగుచుండగనే నిలుచుట యా వయసుదే. కచ్చకాయలాటలో గాలి కెగిరిన కాయపై కన్ను, నేలమీది కాయపై చేయి; ఈ రెంటి పొందిక వ్రాతకు ముందు వలసిన విద్య. వ్రేళ్ళు పదునెక్కని పిల్లచేత అక్షరములు దిద్దించి చెవి మెలిపెట్టిన పంతుళ్ళను నేనెఱుగుదును. తొలినాళ్ళలో నేనును వారిలో నొకడనే. పిదప చిర్రగోనె, ఎగిరిన గోనె యెచ్చట బడునో ముందుగా దలచి యుఱుకవలెను. కోతికొమ్మచ్చిలో కొమ్మ పట్టిన చేతులకు దేహపు బరువంతయు దెలియును. మోటబావిలో నడుమునకు బెండ్లు కట్టుకొని యీత నేర్చితిమి. రెండవ వేసవికి బెండ్లు లేవు. కబడ్డీ వచ్చుసరికి ఊపిరి, ఉఱుకు, పట్టు మూడును సిద్ధముగ నుండెను.

ఈ యాటలు నిన్నటివి కావు. పదుమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రను వర్ణించుచు నాటి యాటలను, నృత్యములను విస్తారముగా బేర్కొనెను. ఆ శతాబ్ది నడుమ కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని నృత్తరత్నావళి రచించెను. ఏనుగుల దళమును నడిపినవాడు పాదముల కదలికను గూర్చి శాస్త్రము వ్రాసెనన్న, నాటివారికి యుద్ధమునకు వలసిన కాలును నృత్యమునకు వలసిన కాలును వేఱు కాదని నేను దలచుచున్నాను. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కవుల గ్రంథములనుండి యిట్టి యాటల ముచ్చట లెన్నియో యేర్చి కూర్చిరి. తెలుగు పండితులు తప్పక చదువవలసిన పుస్తకము.

యువకులకు తాలింఖానా యుండెడిది. తాలీ మన నరబ్బీలో విద్య. ఖానా యన పారసీకమున గృహము. దండీలు, బస్కీలు తీసి, కఱ్ఱసాము నేర్చిన మట్టిగదికి మన పూర్వులు విద్యాగృహమని పేరు పెట్టిరి! నిజాము కాలమున 1929లో వెలువడిన గస్తీ నిశాన్ 53 సభలకు ముందుగ ననుమతి వలయునని శాసించినది. అఖాడాలు పెట్టుటకును ఆంక్షలుండెను. కండలు పెంచిన యువకులు గుమిగూడుట ప్రభుత్వమునకు నచ్చలేదు. ఆదిలాబాదునకు పైనగంగ కావల, విదర్భసీమలోని అమరావతిలో 1914లో వెలసిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి మాత్రము నిరాటంకముగ సాగి, 1936లో బెర్లిను ఒలింపిక్ ఉత్సవములందు మన దేశీయ వ్యాయామములను ప్రదర్శించి వచ్చినది.

తెలుగువారికి వ్యాయామ మనగానే 1942లో మరణించిన కోడి రామమూర్తినాయుడుగారు స్మరణకు వత్తురు. ఱొమ్మున నేనుగు నెక్కించుకొనిరని, ఇనుపగొలుసులు త్రెంచిరని చెప్పుకొందుము. ఆయన మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున బడిపిల్లలకు డ్రిల్లు నేర్పిన ఉపాధ్యాయు డన్న మాటను మాత్రము మఱచితిమి. ఏనుగు నెక్కించుకొనుట యొక్కనికి సాధ్యము, డ్రిల్లు ఊరందఱికి.

ఇక ఆదిలాబాదు అడవులు. కుమ్రం భీము 1940లో జోడేఘాటున నేలకొఱిగిన పిదప, గోండుల స్థితి విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. ఆయన పూనికతో 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్ర మేర్పడెను. ఆ మార్లవాయివాడే గుస్సాడి నర్తకుడు కనకరాజుగారు. 2021లో పద్మశ్రీ గౌరవము వారిని వరించినది, 2024లో గతించిరి. దీపావళి దినములందు నెమలిఈకల కిరీటము తలపై నిలుపుకొని, గజ్జెలు మ్రోగ, ఊరూరు దిరిగి యాడు గుస్సాడీలను నేను జూచితిని. అంతటి కిరీటము చెదరకుండ అడుగు వేయుటకు మెడ, వెన్ను, మడమ ఏకము కావలెను. పిల్లలు వెనుక నిలిచి పెద్దల యడుగులు తా మనుకరించుచుండిరి. అచ్చట వ్యాయామపాఠమని వేఱొకటి లేదు.

ఇప్పుడు నా బాకీ. 1996 ప్రాంతమున నేను పనిచేసిన బడిలో వ్యాయామోపాధ్యాయుడు లేడు. పదవ తరగతి పరీక్షలు దగ్గఱపడునని, పై తరగతులకున్న ఆటలగంటను నేనడిగి తీసికొంటిని. ఆఱేండ్లు ఆ గంటలో ఛందస్సు చెప్పితిని. ఉత్తీర్ణుల సంఖ్య పెరిగెను, మెచ్చుకొనిరి. ఒకనాడు పిల్లలను వనభోజనమునకు గొనిపోవుచు ఒఱ్ఱె దాటవలసి వచ్చెను. నీరు మోకాలిబంటి, అడుగులకు రాళ్ళుండెను. రాతినుండి రాతికి దుముకుట సగముమందికి రాదాయెను. ఒక బాలుడు జాఱిపడగా ముంజేయి విఱిగెను. సాయంకాలము వాని తల్లి, కూలికి బోయి వచ్చిన బట్టలతోనే వచ్చి, కోపపడక యొకమాట యడిగెను: "సారూ, పొద్దంత మీతాన్నే ఉంటడు గదా, వాడు ఉరుకుడు దుంకుడు యాడ నేర్వాలె?"

నాకు బదులు తోచలేదు. మఱునా డాటలగంటను దిరిగి యిచ్చితిని. సున్నముతో తొక్కుడుబిళ్ళ గడులు నేనే గీచితిని. ఎంత ఆడింపవలెనన్న ప్రశ్నకు సుశ్రుతుడు నాకు దారి చూపెను: బలములో సగము, బలార్ధము, వఱకే శ్రమింపవలెను, నోట ఊపిరి తీయవలసి వచ్చుట దానికి గుఱుతు. అట్టి పిల్లను కొంతసేపు కూర్చుండబెట్టితిని.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము, ఆటసామగ్రి యుండవలెనని చెప్పుచున్నది. మా యూరి బడిస్థలములో నొకవైపు వడ్లకుప్పలు, నొకవైపు ట్రాక్టర్లు. దాని తూర్పుభాగమున సంఘభవనము కట్టుదమని క్రిందటేడు పెద్దలు దలపెట్టగా, నేను చట్టము ప్రతిని బట్టుకొని పంచాయతికి బోయితిని. రెండుమారులు వాదము జరిగినది. సర్పంచిగారు స్థలము కొలిపించిరి. నిర్ణయము వచ్చు సభకు వాయిదా పడినది. అటువంటి స్థలము మీ యూరనున్న, మీరును కొలిపింపుడు.

వడ్లతాత మనుమడు ఇనుపగేట్ల పని చేయుచున్నాడు. అంగన్‌వాడి పిల్లలకు మూడుగీరల బండి యొకటి చేసి యిమ్మని యడిగితిని. తా నెన్నడు చేయలేదనెను. జ్ఞాపకమున్నంత వఱకు కాగితముపై గీచి చూపితిని. పిడి యెంత యెత్తుండవలెనని యడిగి, నేను చెప్పలేకపోగా, టేపు జేబులో వేసికొని అంగన్‌వాడికి నడిచెను.