కెమేరా చేతులు మారినప్పుడు

అమెరికా దేశమున, న్యూయార్కు రాష్ట్రపు కొండలలో, జెనెడ్ అను వేసవి శిబిరము 1951 మొదలు 1977 వరకు నడచెను. అంగవైకల్యము గల పిల్లలును యువజనులును అచట వేసవి గడపెడివారు.

వికలాంగులను గూర్చిన చిత్రములనిన, చూచువారికి జాలి పుట్టించి విరాళములు రాబట్టుటకు ఇతరులు తీసినవే ఆ కాలమున తరచు కానవచ్చెడివి. 1971లో పీపుల్స్ వీడియో థియేటర్ అను బృందము జెనెడ్‌కు వచ్చి వేరుదారి పట్టినది. భుజమున మోయదగిన వీడియో యంత్రములు అప్పటికి క్రొత్త. చక్రముల కుర్చీలో తిరుగు జేమ్స్ లెబ్రెక్ట్ అను 15 ఏండ్ల బాలుని చేతికే వారు కెమేరా నిచ్చిరి. అతడు శిబిరమంతయు త్రిప్పి చూపెను.

ఆ టేపులలో నొక ఘట్టము గలదు. కొందరు బల్ల చుట్టును చేరి తలిదండ్రులను గూర్చి ముచ్చటించుచుందురు. ఒక యువతి పలుకు మనకు తెలియదు. అయినను ఎవరును తొందరపెట్టరు. కెమేరా ప్రక్కకు తొలగదు. ఆమె ముగించిన పిదప, తోటివాడొకడు తనకు బోధపడినది విప్పి చెప్పును: ఒంటరిగా కొంతసేపుండు హక్కైనను దక్కదని ఆమె వేదన. అట్టివారి మాటను మనలో నెందరము తుదివరకు వినియుందుము?

లెబ్రెక్ట్ పెద్దవాడై నాటకశాలలో ధ్వని కూర్చు పని చేపట్టెను. పిమ్మట ఆ పాత టేపుల జాడ తీసి, నికోల్ న్యూనమ్‌తో కలిసి 2020లో ‘క్రిప్ క్యాంప్’ అను చిత్రమును వెలువరించెను. ఆ శిబిరమున పనిచేసిన జూడిత్ హ్యూమన్ మొదలగువారు 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ప్రభుత్వ భవనమున మూడు వారములకు పైగా కదలక కూర్చుండి, వికలాంగుల హక్కుల నిబంధనలను సాధించిన కథయు అందు గలదు. ‘క్రిప్’ అనునది కుంటివాడని ఎగతాళి చేయు మాట. దానినే వారు చిత్రమునకు పేరుగా నిలిపిరి.