సముద్రము దాటిన మల్లవిద్య

జూడో పేరు శ్రోతలు వినియే యుందురు. 1882లో జిగొరో కానో టోకియోలో స్థాపించిన కొడోకాన్ విద్యాలయమే బ్రెజిల్ జుజిత్సునకును మూలము. అచట నేర్చిన మిత్సుయో మయేదా 1904లో స్వదేశము వీడి, దేశదేశముల పందెములలో పోరాడుచు, 1914లో బ్రెజిల్ చేరెను. పిమ్మట బెలేం నగరమున స్థిరపడెను. అతని విద్య కార్లోస్ గ్రేసీకిని, అతని తమ్ములకును సంక్రమించెను.

తమ్ములలో కడపటివాడు హేలియో. బక్కపలుచని వాడగుటచే బలముకంటె మెలకువనే నమ్ముకొనెను. 1951లో రియో నగరమున మరకానా క్రీడారంగమున జపాను వీరుడు మసహికో కిముర అతని చేయి విరుగునంతగా మెలిపెట్టినను ఓటమి నొప్పుకొనలేదు. చూడలేక అన్నయే పోరు మాన్పించెను. ఆ పట్టును గ్రేసీ శిష్యులు నేటికిని ‘కిముర’ అనియే పిలుతురు. గెలిచినవాని పేరు ఓడినవారి పాఠములో నిలుచుట అరుదు గదా!

అయితే ఈ విద్య ఒక్క గ్రేసీ వంశపు సొత్తని తలంపరాదు. లూయి ఫ్రాన్సా శిష్యుడగు ఓస్వాల్దో ఫద్దా రియో శివారులలో పేదలకు రుసుము లేకయే నేర్పెను. 1950 దశకమున అతని శిష్యులు గ్రేసీ విద్యాలయమును సవాలు చేసి, కాలిపట్లతో నెగ్గిరి. అవి చెప్పులు కుట్టువాని పట్లని ఎదుటి పక్షమువారు ఎగతాళి చేసిరట. నేడు ఆ పట్లను రెండు శాఖలవారును నేర్పుచున్నారు.