పొద్దు ఒకచోట, గడియారం ఒకచోట



కిందటి కార్తికమాసంలో ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. మా దేవరాపల్లి దగ్గరి కొండవార పల్లె వాడు. తాపీపని నేర్చుకుని, విశాఖలో ఓడ ఎక్కి అండమాను వెళ్ళి, ఇప్పుడు అక్కడే మేస్త్రీగా స్థిరపడ్డాడు. కుశలప్రశ్నలయ్యాక అడిగాడు: "మాస్టారూ, ఇక్కడ నవంబరొచ్చిందంటే అయిదున్నరకే దీపాలెట్టుకోవాలండీ. పొద్దున్నేమో అయిదు దాటితే చాలు, ఎండొచ్చేస్తాది. పిల్లలు బడి నుంచొచ్చి కాసేపు ఆడుకుందామంటే పొద్దుండదు. మా దీవులకి వేరే టైమెట్టాలని కొందరంటన్నారు. మీరు పంచాంగాలు చూస్తారు కదా, అలా మార్చుకోవచ్చాండీ? మార్చుకుంటే మంచిదేనా?"

"ఆలోచించి చెబుతాను నాయనా" అన్నాను. ఆ ఆలోచనే ఈ టపా.

ముందు మన ఊరి సంగతి. భారత ప్రామాణిక కాలం తూర్పు 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి ఏర్పడింది. ఆ రేఖ కాకినాడ మీదుగా పోతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం, పిల్లలకూ అదే చెప్పాం. పటం విప్పి జాగ్రత్తగా చూస్తే అది కాకినాడకు కొంచెం తూర్పుగా, అన్నవరానికీ తునికీ నడుమ తీరం దాటి సముద్రంలోకి దిగుతుంది. శారదానది ఒడ్డున, రైవాడ జలాశయం పక్కన ఉన్న మా దేవరాపల్లి (నిన్నటి విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా) ఆ రేఖకు సుమారు అర డిగ్రీ తూర్పున ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. కాబట్టి మా సూర్యుడు మా గడియారం కంటే రెండే నిమిషాలు ముందు. దేశంలో గడియారానికీ పొద్దుకూ ఇంత సఖ్యత ఉన్న చోట్లు తక్కువ. గడియారం అబద్ధమాడగలదన్న అనుమానం మావంటి ఊళ్ళో పుట్టినవాడికి సులభంగా కలగదు.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఉన్నది 92¾ డిగ్రీల దగ్గర. ఆ లెక్కన అక్కడి పొద్దు మన గడియారం కంటే 41 నిమిషాలు ముందు నడుస్తుంది. జూన్‌లో ఉదయం 5 గంటలకు తెల్లవారుతుంది. నవంబరు మొదట్లో సాయంత్రం 5 కాకముందే సూర్యాస్తమయం. మా శిష్యుడు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు.

కాలాన్ని మనవాళ్ళు ఎలా కొలిచారో ఒకసారి స్మరించుకుందాం. అహోరాత్రానికి 60 గడియలు. గడియ అంటే 24 నిమిషాలు, ఏడున్నర గడియలైతే ఒక జాము. 'ఘటిక' అనే సంస్కృత పదానికి వికృతి 'గడియ'. గడియారానికి ఆ పేరు వచ్చిందీ అందువల్లనే. అడుగున సన్నని చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ళ మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ. దానినే గడియకుడుక అనేవారు. ఆ గిన్నె ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి సూర్యోదయం నుంచే లెక్క. పక్క ఊరితో దానికి నిమిత్తం లేదు.

అయితే ఊరూరికీ తేడా ఉంటుందని మన సిద్ధాంతులకు తెలియక కాదు. సూర్యసిద్ధాంతం మధ్యరేఖ ఒకటి ఏర్పరచి, అది లంక మీదుగా, అవంతి మీదుగా, కురుక్షేత్రం వైపు పోతుందని చెప్పింది. ఆ రేఖకు తూర్పునా పడమటా ఉన్న ఊళ్ళకు దేశాంతర సంస్కారం చేసుకోవాలి. ఇక్కడి లంక నేటి సింహళం కాదు. భూమధ్యరేఖ మీద కల్పించుకున్న ఒక స్థానం. మన ప్రాచీన కాలగణన మొదలైనదే ఒక ఊహాద్వీపం నుంచి! ద్వీపాల కాలం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తలుచుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఊరికొక కాలం చాలదన్న పరిస్థితి రైలుబండితో వచ్చింది. బొంబాయి, కలకత్తాల గడియారాల మధ్య గంటకు పైగా తేడా. ఆ రెంటికీ నడుమ ఉన్నది మద్రాసు. అక్కడ 1792లో ఈస్టిండియా కంపెనీ నక్షత్రశాల కట్టించింది. 1802లో గోల్డింగ్‌హామ్ దొర దాని రేఖాంశాన్ని నిర్ణయించి కాలాన్ని స్థిరపరచాడు. గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందున్న ఆ మద్రాసు కాలమే రైళ్ళకు ఆధారమైంది. అలా రైలు టైము వేరు, ఊరి టైము వేరు అయ్యాయి.

1906 జనవరి 1 నుంచి ప్రభుత్వం ఐదున్నర గంటల ప్రామాణిక కాలాన్ని అమలులోకి తెచ్చింది. మద్రాసు వారికి మార్పు 9 నిమిషాలే కనుక పెద్ద బాధ లేకపోయింది. బొంబాయి వారికి 39 నిమిషాలు. మిల్లు కార్మికుడు చీకటితోనే లేవాలి. అక్కడ పెద్ద అలజడి రేగింది. నగరపాలక సభ సైతం పాత బొంబాయి కాలాన్నే పట్టుకుని కూర్చుంది. కలకత్తా తన కాలాన్ని వదులుకున్నది 1948లో. బొంబాయిలో పాత లెక్క 1950ల దాకా సాగింది. ఎవరి పొద్దును ఎవరు దిద్దుతారన్న ప్రశ్న నాడూ ఉందన్నమాట.

ఈ కథలో చాలామంది మరచిన పుట ఒకటుంది. ఒకప్పుడు అండమానుకు స్వంత కాలం ఉండేది. 1858లో అక్కడ ఖైదీల వలస ఏర్పడ్డాక పోర్ట్ బ్లెయిర్‌కు దాని రేఖాంశాన్ని బట్టి వేరే గడియారం నడిచింది. అది మద్రాసు కాలానికి సుమారు 50 నిమిషాలు ముందు. ప్రామాణిక కాలం వచ్చాక అది అంతరించింది. కనుక నేడు ద్వీపవాసులు వేరే కాలం అడిగితే అది కొత్త కోరిక కాదు. ఒకప్పుడు ఉండి పోయినదాన్ని అడగడం.

బొంబాయి, కలకత్తాలు తమ కాలం కోసం పెనుగులాడాయి. అండమాను పెనుగులాడలేదు. ఖైదీలున్న చోట గడియారం గురించి ఎవరు అడుగుతారు? మన మన్యం పితూరీలో పట్టుబడినవారినీ అక్కడికే పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడయ్యారు. ఇనుప తలుపు వెనుక ఉన్నవాడికి పొద్దు తప్ప వేరే గడియారం ఏముంటుంది!

ఇప్పుడక్కడ ఖైదీలు లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లో ఉన్నది 3 లక్షల 80 వేల మంది. వారిలో సుమారు 13 శాతం తెలుగువారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళినవారు మెండు. అందుచేత ఇది మనకు పరాయి గొడవ కాదు.

కాలమండలాల చర్చ దేశంలో చాలాకాలంగా ఉన్నదే. 2001లో కేంద్రం వేసిన సంఘం, దేశ విస్తీర్ణం అంత ఎక్కువేమీ కాదంటూ మార్పు వద్దన్నది. బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన పరిశోధకులు దేశమంతటికీ గడియారాన్ని అరగంట ముందుకు జరిపితే చాలన్నారు. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు మరొక ప్రతిపాదన చేశారు: ఈశాన్య రాష్ట్రాలకూ అండమాన్ నికోబార్‌కూ కలిపి ఆరున్నర గంటల రెండవ మండలం. కేంద్రం దానిని అంగీకరించలేదు. దేశ రక్షణకు సంబంధించిన కారణాలు ఉన్నాయని పార్లమెంటుకు చెప్పింది. అస్సాం తేయాకు తోటల వారు మాత్రం ఎవరితోనూ వాదించకుండా, తెల్లదొరల నాటి నుంచీ తోటలో గంట ముందుగా గడియారం పెట్టుకుని పని చేసుకుంటున్నారు.

రెండు మండలాలు వద్దనేవారు ముఖ్యంగా చూపే ప్రమాదం రైళ్ళది. సరిహద్దు దగ్గర గడియారం మార్చడంలో ఒక్క పొరపాటు జరిగితే రెండు బళ్ళు ఢీకొంటాయని. ఈశాన్యానికి ఈ వాదం వర్తిస్తుంది. అండమానుకు రైలే లేదు. నడుమ ఉన్నది సముద్రం. ఓడ విశాఖ నుంచి చేరడానికి రెండు రోజుల పైమాటే. కాలరేఖ గీయడానికి ఇంతకంటే అనువైన చోటు దేశంలో మరొకటి లేదు. ఉత్తర అండమాను కొసకు ఎదురుగా, సన్నని జలసంధి అవతల, మయన్మారుకు చెందిన కోకో దీవుల్లో గడియారం ఇప్పటికే గంట ముందుంది. దక్షిణాన ఇందిరా పాయింటుకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని సుమత్రాలో గంటన్నర ముందు.

అయితే మార్చిన దీవుల అనుభవం కూడా చూడాలి. మన పొరుగున శ్రీలంక 1996 మేలో, కరెంటు కొరతకు విరుగుడుగా, గడియారాన్ని గంట ముందుకు జరిపింది. అక్టోబరులో అందులో అరగంట వెనక్కి తీసుకుంది. 2006 ఏప్రిల్‌లో మళ్ళీ మన ఐదున్నరకే వచ్చింది. ఈ పదేళ్ళూ ఉత్తరాన తమిళ పులుల ఏలుబడిలోని ప్రాంతం పాత కాలాన్నే పాటించింది. ఒకే దీవిలో గీత దాటితే అరగంట తేడా! గడియారం కూడా జెండా కాగలదని అక్కడ తేలింది.

పసిఫిక్‌లో సమోవా కథ మరొక రకం. 1892లో అమెరికాతో వ్యాపారం కోసం దినరేఖకు అటువైపు చేరి, జులై 4ను రెండుసార్లు జరుపుకుంది. 2011లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యవహారం ముఖ్యమై ఇటువైపు వచ్చింది. ఆ ఏడు డిసెంబరు 30 అనే రోజే వారికి లేదు. సమోవా వారు సూర్యుణ్ణి చూసి కాలం మార్చుకోలేదు. ఎవరితో బతుకుతున్నామన్నది చూసి మార్చుకున్నారు.

ఈ కొలతతో చూస్తే అండమాను వారి బతుకు చెన్నై, కలకత్తా, విశాఖలతోనే. బ్యాంకులు, విమానాలు, దేశమంతటా ఒకే వేళకు జరిగే పరీక్షలు, రాత్రి అమ్మానాన్నలతో ఫోను మాటలు, అన్నీ ఇటువైపే. గంట తేడా పెడితే ప్రతి పనికీ ఒక కూడిక, ఒక తీసివేత తప్పవు.

పంచాంగం మాటంటారా, దానికి ఏ ఇబ్బందీ లేదు. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే. దానికి మనం పెట్టే అంకె మారుతుందంతే. సూర్యోదయం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. డిసెంబరులో అక్కడ మనకంటే 50 నిమిషాలు ముందు తెల్లవారుతుంది. ఈ లోపల తిథి మారితే, ఉదయతిథిని బట్టి మనం ఈ రోజు చేసే పండుగ వారికి రేపు కావచ్చు. గడియారం మార్చినా మార్చకున్నా ఆ తేడా ఉన్నదే.

ఇక నేను చెప్పుకోవలసిన మాట ఒకటుంది. నేను పాఠాలు చెప్పిన ఒక బడిలో మొదటి గంట కొట్టాక వచ్చిన పిల్లలను వసారాలో నిలబెట్టేవాణ్ణి. ఈ మేస్త్రీ చిన్నప్పుడు వారిలో ఒకడు. కొండ దిగి వచ్చేవాడు. కొన్ని రోజులు అందరికంటే ముందు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు, కొన్ని రోజులు అరగంట ఆలస్యం. సోమరితనమనుకున్నాను. హాజరు పట్టీ చూస్తుండగా చాలా ఆలస్యంగా నాకు తట్టింది: ఆలస్యమంతా వానాకాలంలోనే. వాళ్ళింట్లో గడియారం లేదు. గడప మీద నీడ చూసి బయలుదేరేవాడు. మబ్బు పట్టిన రోజు నీడ ఉండదు. నా చేతిలోని గడియారం వాడి ఇంటి గడపకు తెలియదని, ఆ గడియారం పేరుతో వాణ్ణి ఎన్ని ఉదయాలు నిలబెట్టానో!

అందుకే వాడి ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఫోను చేసి చెప్పింది ఇది. మొదట ముల్లు జరపనక్కరలేదు, గంట జరపండి. బడి, కచేరీ, అంగడి పొద్దుతో పాటు మొదలై పొద్దుండగానే ముగిసేటట్టు వేళలు నిర్ణయించుకుంటే, తేయాకు తోటల వారిలాగా సగం సమస్య తీరుతుంది. అదీ చాలకపోతే ఆరు గంటల కాలం మేలు. దాని రేఖ 90 డిగ్రీలు. మీ పొద్దుకు 11 నిమిషాల తేడాయే. ఆరున్నర పెడితే గడియారం పొద్దును దాటి 19 నిమిషాలు ముందుకు పోతుంది. ఒకసారి మార్చాక మాత్రం శ్రీలంకలాగా ఊగిసలాడరాదు.

అన్నిటికంటే ముందు, అడగవలసింది అక్కడివారిని. ఆ ద్వీపాలకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒక్క సభ్యుడు. ఢిల్లీలో పొద్దు పొడవకముందే వారి పొద్దు బారెడెక్కుతుంది. వారి తెల్లవారుజామును వారు చూసినట్టు మరొకరు చూడలేరు.

అంతా విని మావాడు నవ్వాడు. "అప్పుడు నన్ను నిలబెట్టినప్పుడు ఇంత ఆలోచించలేదేం మాస్టారూ!" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

అండమానులో ఉన్నవారూ, ఉండి వచ్చినవారూ మీలో ఎవరైనా ఉంటే మీ అనుభవం రాయండి. నా లెక్కల్లో తప్పుంటే పెద్దమనసుతో సరిదిద్దండి.

స్వస్తి.